పిల్లలు ఓటు వేస్తేనే ఉద్యోగం: సడ్‌బరీ వ్యాలీ బడిని నిలబెట్టిన పెద్దలు

(దృశ్యం: బల్ల మీద ఒక అట్టపెట్టె. మూత మీద సన్నని చీలిక. ఒక చిన్న చేయి మడత పెట్టిన కాగితాన్ని అందులోకి జారవిడుస్తుంది.)

నమస్కారం. ఈ పెట్టెలో పడుతున్న కాగితాల మీద ఉన్నవి రాజకీయ నాయకుల పేర్లు కావు. ఒక బడిలో పనిచేస్తున్న పెద్దవాళ్ల పేర్లు. వచ్చే ఏడాది వీళ్లలో ఎవరెవరు ఇక్కడ కొనసాగాలో ఈ ఓట్లు చెబుతాయి. ఓటు వేస్తున్నవాళ్లలో నాలుగేళ్ల పిల్లలు ఉన్నారు, పద్దెనిమిదేళ్ల వాళ్లూ ఉన్నారు. ఆ జాబితాలో బడిని స్థాపించినవాళ్ల పేర్లు కూడా ఏటా ఉంటూ వచ్చాయి.

ఈ బడి పేరు సడ్‌బరీ వ్యాలీ స్కూల్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో, బోస్టన్‌కు పడమరగా సుమారు ముప్పై కిలోమీటర్ల దూరాన, ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో ఉంది. అక్కడి తెలుగువాళ్లకు ఆ దారి కొత్తది కాదు. ఆష్‌ల్యాండ్‌లోని శ్రీలక్ష్మి ఆలయానికి వెళ్లేవాళ్లు తరచూ ఫ్రేమింగ్‌హామ్ మీదుగానే వెళతారు. రెండూ ఆనుకుని ఉన్న ఊళ్లు. గుడికి వెళ్లే దారికి అంత దగ్గరలో ఇలాంటి బడి ఒకటి ఉందని మాత్రం మనవాళ్లలో చాలామందికి తెలియదు.

(దృశ్యం: పాత రాతి భవంతి, పక్కన కొట్టం, చెరువు, చెట్లు. పది ఎకరాల స్థలం.)

ఇక్కడ తరగతులు లేవు. ఒకటో తరగతి, ఐదో తరగతి అన్న విభజనే లేదు. గంట కొట్టరు. పాఠ్య ప్రణాళిక లేదు, పరీక్షలు లేవు, మార్కులు లేవు. పిల్లలు పొద్దున వచ్చి రోజంతా తమకు తోచినట్టు గడుపుతారు. ఒకరు బొమ్మలు గీస్తారు, ఒకరు వంట చేస్తారు, ఒకరు చెట్టెక్కుతారు. ఇంకొకరు సోఫాలో కూర్చుని మధ్యాహ్నం దాకా కబుర్లు చెబుతారు. ఎవరికైనా ఏదైనా నేర్చుకోవాలనిపిస్తే, నేర్పగల మనిషిని వెతుక్కుని అడుగుతారు. ఆ మనిషి పెద్దవాళ్లే కానక్కరలేదు, పదమూడేళ్ల పిల్ల కూడా కావచ్చు.

ఇంతవరకు వినగానే ఎవరైనా పిల్లల స్వేచ్ఛ గురించే మాట్లాడతారు. మంచిదా చెడ్డదా అని వాదన మొదలవుతుంది. నాకు మాత్రం ఈ బడిలో అన్నిటికంటే అరుదుగా కనిపించింది పెద్దవాళ్లు చేసిన పని. తమను తీసేసే అధికారాన్ని వాళ్లు రాతపూర్వకంగా పిల్లల చేతిలో పెట్టారు. కాబట్టి ఈ వీడియోలో ఆ పెద్దవాళ్ల గురించి చెబుతాను.

(దృశ్యం: 1960ల నాటి నలుపు తెలుపు చిత్రాలు.)

డేనియల్ గ్రీన్‌బర్గ్ భౌతికశాస్త్రవేత్త. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినవాడు. ఆయన భార్య హానా గ్రీన్‌బర్గ్. వీళ్లకు తోడుగా మిమ్సీ సడోఫ్‌స్కీ, జోన్ రూబిన్, మరికొందరు. 1960ల మధ్యలో వీళ్లంతా కలిసి ఒక ప్రశ్న వేసుకున్నారు. మన దేశం ప్రజాస్వామ్య దేశం అంటున్నాం. పిల్లవాడికి ఐదేళ్లు వచ్చినప్పటి నుంచి పద్దెనిమిది దాకా ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు లేవాలి, ఏం చదవాలి అన్నీ ఇంకొకరు చెబుతుంటారు. అలా పెరిగినవాడు పంతొమ్మిదో ఏట పౌరుడెలా అవుతాడు?

ప్రశ్న వేసుకోవడం దగ్గర ఆగిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. వీళ్లు ఆగలేదు. స్థలం వెతికారు, డబ్బు కూడగట్టారు, నియమావళి రాశారు. 1968 జులైలో బడి తలుపులు తెరిచారు.

నిజానికి పిల్లలు సభ పెట్టి నిర్ణయాలు తీసుకునే బడి వీళ్లతో మొదలు కాలేదు. స్కాట్లాండ్‌కు చెందిన ఎ. ఎస్. నీల్ 1921లో మొదలుపెట్టి, 1927లో ఇంగ్లండ్‌లోని లీస్టన్‌కు తరలించిన సమ్మర్‌హిల్ అప్పటికే ప్రపంచ ప్రసిద్ధం. అక్కడ కూడా సభలో పిల్లవాడికి ఒక ఓటు, హెడ్‌మాస్టరుకు ఒక ఓటు. అయితే ఉపాధ్యాయులను ఎవరిని తీసుకోవాలి, ఎవరిని పంపించాలి అన్నది నీల్ సభకు వదల్లేదు, తన దగ్గరే ఉంచుకున్నాడు. సడ్‌బరీ వ్యాలీ స్థాపకులు ఆ గీత కూడా దాటారు. ఉద్యోగాలు, ఖర్చులు, నియమాలు అన్నీ సభ ముందుకే తెచ్చారు.

(దృశ్యం: ఒక పెద్ద గది. నేల మీద, కుర్చీలలో, కిటికీ అంచున కూర్చున్న పిల్లలు. బల్ల దగ్గర సభాధ్యక్షురాలు. ఆమెకు పదహారేళ్లు ఉంటాయి.)

వారానికి ఒకసారి పాఠశాల సభ జరుగుతుంది. సభ్యులు రెండే రకాలు, విద్యార్థులు, సిబ్బంది. ఒక మనిషికి ఒక ఓటు. విద్యార్థుల సంఖ్య ఎప్పుడూ సిబ్బంది కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, పెద్దవాళ్లంతా ఒక్కటైనా, పిల్లలు కలిసి వద్దనుకుంటే ఒక్క తీర్మానం గెలవదు. సభకు రావడం తప్పనిసరి కాదు. చాలామంది చిన్నపిల్లలు మామూలు రోజుల్లో రారు. తమకు సంబంధించిన విషయం చర్చకు వచ్చిన రోజు మాత్రం ముందు వరుసలో ఉంటారు.

తల్లిదండ్రుల మాటేమిటి అని మీరు అడగవచ్చు. వాళ్లకూ చోటుంది. అసెంబ్లీ అని ఇంకొక పెద్ద సభ ఉంది. అందులో తల్లిదండ్రులు కూడా ఓటు వేస్తారు. ఫీజు ఎంత ఉండాలి వంటి విషయాలు అక్కడ తేలుతాయి. రోజువారీ బడి మాత్రం పాఠశాల సభదే.

ఇక తగాదాలు. నూరు మంది పిల్లలు ఒక చోట ఉంటే తగాదాలు రాకుండా ఉంటాయా? దీనికి న్యాయ సంఘం ఉంది. ఉదాహరణకు ఎవరో రంగులు వాడి, శుభ్రం చేయకుండా వెళ్లిపోయారనుకుందాం. ఎవరైనా ఒక కాగితం మీద ఫిర్యాదు రాసి ఇవ్వవచ్చు. రాయడం రాని పిల్లలు ఇంకొకరి చేత రాయించుకుంటారు. వేర్వేరు వయసుల పిల్లలు, వాళ్లతో పాటు సిబ్బంది ఒకరు కూర్చుని ఇద్దరి మాటా వింటారు, సాక్షులను పిలుస్తారు, జరిగింది రాసుకుంటారు. సభ చేసిన నియమాలన్నీ రాసి ఉన్న పుస్తకం తెరిచి, ఏ నియమం తప్పారో చూస్తారు. తప్పు ఒప్పుకుంటే చిన్న శిక్ష. ఒక రోజు ఆ గదిలోకి వెళ్లకూడదు, అలాంటిది. ఒప్పుకోకపోతే విచారణ జరుగుతుంది.

ఇందులో నన్ను ఆపి ఆలోచింపజేసిన విషయం ఒకటి ఉంది. ఆ ఫిర్యాదు సిబ్బంది మీద కూడా రాయవచ్చు. ఏడేళ్ల పిల్ల, యాభై ఏళ్ల మనిషి మీద రాయవచ్చు. అప్పుడు ఆ పెద్దమనిషి కూడా అదే గదికి వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, అడిగినదానికి జవాబు చెప్పాలి. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవలసి వస్తే మన చేతులు ఎంత వణుకుతాయో, పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తెలుసు. వీళ్లు దాన్ని రోజువారీ పనిగా చేసుకున్నారు.

(దృశ్యం: మళ్లీ ఓటు పెట్టె.)

ఇప్పుడు మనం మొదట చూసిన ఓటు దగ్గరికి వద్దాం. ఇక్కడ ఎవరికీ శాశ్వత ఉద్యోగం లేదు. ఒప్పందం ఒక్క ఏడాదికే. ప్రతి వసంతంలో, వచ్చే ఏడాది పనిచేయాలనుకునే పెద్దలు పేర్లు ఇస్తారు. ఓటు రహస్యం. ఎవరు ఎటు వేశారో ఎవరికీ తెలియదు కాబట్టి, భయంతోనో మొహమాటంతోనో వేయవలసిన పని లేదు.

పిల్లలు మిఠాయిలు పంచేవాళ్లకే ఓటు వేయరా అన్న అనుమానం మీకు వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. అయితే ఈ పద్ధతి యాభై ఏళ్లకు పైగా నడుస్తోంది. హానా గ్రీన్‌బర్గ్, మిమ్సీ సడోఫ్‌స్కీ వంటివాళ్లు దశాబ్దాల పాటు ఏడాది తర్వాత ఏడాది ఎన్నికవుతూ వచ్చారు. వాళ్ల పనితీరు చూస్తే, పిల్లలకు మిఠాయి కంటే ముఖ్యమైనదేదో వాళ్ల దగ్గర దొరికిందని నాకనిపిస్తుంది.

అదేమిటో హానా రాసిన ఒక వ్యాసంలో తెలుస్తుంది. దాని పేరుకు తెలుగు చెప్పాలంటే, ఏమీ చేయకుండా ఉండే కళ. మీరు బడిలో ఏం చేస్తారు అని అడిగితే, ఏమీ చేయను అని ఆమె జవాబు. పిల్లవాడు తడబడుతున్నప్పుడు, తప్పు దారిన పోతున్నాడని మనకు అనిపిస్తున్నప్పుడు, చేయి చాచకుండా దగ్గరలో ఉండటం. అడిగితే అందుబాటులో ఉండటం, అడగకపోతే పక్కకు జరగడం. అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టే ప్రేమకు అలవాటు పడినవాళ్లం మనం. మనకు ఇది ఎంత కష్టమైన పనో వేరే చెప్పనక్కరలేదు.

(దృశ్యం: పాత లెక్కల పుస్తకం. పసుపు రంగుకు తిరిగిన పుటలు.)

డేనియల్ గ్రీన్‌బర్గ్ చెప్పిన ఒక అనుభవం ఉంది. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వయసున్న పిల్లలు పన్నెండు మంది ఒక రోజు ఆయన దగ్గరకు వచ్చి, మాకు లెక్కలు నేర్పండి అన్నారు. మీకు నిజంగా అక్కరలేదు, మీ ఇంట్లోవాళ్లకు కావాలేమో అన్నాడాయన. కాదు, మాకే కావాలి అన్నారు వాళ్లు. సరే, వారానికి రెండు రోజులు, అరగంట చొప్పున. సమయానికి రాకపోతే ఆ రోజు పాఠం లేదు. పుస్తకం 1898 నాటిది, నిండా అభ్యాసాలే. కూడికలు రెండు పాఠాల్లో అయిపోయాయి, తీసివేతలు ఇంకో రెండింటిలో. తర్వాత ఎక్కాలు, భాగహారాలు, భిన్నాలు, దశాంశాలు, శాతాలు, వర్గమూలాలు. ఇరవై వారాల్లో, అంటే మొత్తం ఇరవై గంటల్లో, బడులు ఆరేళ్లు నేర్పే అంకగణితం పూర్తయింది. ఒక్కరూ మానలేదు.

ఆశ్చర్యపోయిన ఆయన ఈ సంగతి లెక్కల బోధనలో నిపుణుడైన స్నేహితుడికి చెప్పాడు. ఆ స్నేహితుడు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. లెక్కలు కష్టం కాదు, ఇష్టం లేని బుర్రల్లోకి రోజూ ఎక్కించడమే కష్టం అన్నది ఆయన జవాబు సారాంశం.

మరి ఇలా పెరిగినవాళ్లు తర్వాత ఏమయ్యారు? బోస్టన్ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పిన పీటర్ గ్రే, డేవిడ్ చానాఫ్ అనే పరిశోధకుడితో కలిసి ఇక్కడ చదివి వెళ్లినవాళ్ల గురించి అధ్యయనం చేసి 1986లో ప్రచురించారు. ఆచూకీ దొరికిన 76 మందిలో 69 మంది జవాబిచ్చారు. పై చదువులకు వెళ్లాలనుకున్నవాళ్లకు ప్రవేశం దొరకడంలోగానీ, అక్కడ నెగ్గుకురావడంలోగానీ పెద్ద ఇబ్బంది కలగలేదని, రకరకాల వృత్తుల్లో స్థిరపడ్డారని తేలింది. రెండు విషయాలు మీకు తెలియాలి. గ్రే కొడుకు అదే బడిలో చదివాడు. పైగా అది చిన్న బృందం. అందుకే దాన్ని అన్ని బడులకూ వర్తించే రుజువుగా నేను చూపించను. ఇలాంటి బడిలో పిల్లల జీవితాలు పాడవుతాయన్న భయానికి మాత్రం అది గట్టి జవాబే.

నాకున్న ఒక అసంతృప్తి కూడా చెప్పాలి. ఇది ఫీజు కట్టి చేరే బడి. అమెరికాలోని చాలా ప్రైవేటు బడుల కంటే ఫీజు తక్కువే అయినా, ఉచితం కాదు. ఇలాంటి స్వేచ్ఛ ఎవరి పిల్లలకు బాగా అవసరమో, వాళ్లలో చాలామంది ఆ గేటు దాకా రాలేరు. అది స్థాపకుల తప్పు అనను. ప్రభుత్వ సొమ్ము తీసుకుంటే దాని వెంట పరీక్షలూ పాఠ్య ప్రణాళికా వస్తాయి. కానీ ఆ లోటు లోటే.

ఇప్పుడు ఇదే తీరులో నడిచే బడులు అమెరికాలోనూ, ఐరోపాలోనూ, ఇజ్రాయెల్, జపాన్ వంటి దేశాల్లోనూ ఉన్నాయి. ఎవరూ ఫ్రాంచైజీ ఇవ్వలేదు, కేంద్ర కార్యాలయం లేదు. ఎక్కడికక్కడ కొందరు పెద్దలు పూనుకుని పెట్టుకున్నవే. అన్నీ నిలవలేదు, కొన్ని కొద్ది ఏళ్లకే మూతపడ్డాయి.

(దృశ్యం: ఖాళీ అయిన సభా గది. బల్ల మీద తెరిచిన పెట్టె, చుట్టూ విప్పిన కాగితాలు.)

డేనియల్ గ్రీన్‌బర్గ్ 2021లో మరణించారు. ఆ బడి ఆలోచన చేసినవాళ్లలో, నియమావళి రాసినవాళ్లలో ఆయన ఒకరు, దాని గురించి ఎన్నో పుస్తకాలు రాసినదీ ఆయనే. అయినా అక్కడ పనిచేసిన ప్రతి ఏడాదీ ఆయన పేరు మిగతావాళ్ల పేర్ల మధ్యే ఉంది. చదవడం ఇంకా రాని పిల్లలు పక్కవాళ్లను అడిగి తెలుసుకుని, ఆ పేరు మీద తమ నిర్ణయం చెప్పారు.