ఖాళీగా వదిలిన గడులు

శ్రోతలకు నమస్కారం.

రసాయన శాస్త్రం చదువుకున్న వారికి తరగతి గోడకు వేలాడే ఆ పటం గుర్తుండే ఉంటుంది. రంగురంగుల గడులు, ఒక్కో గడిలో ఒకటి రెండు అక్షరాలు, పైన ఒక అంకె. పరీక్ష కోసం మొదటి ఇరవై మూలకాల పేర్లు వల్లె వేసి, పరీక్ష కాగానే మరచిపోయినవారు మనలో చాలామంది. ఆ పటమే ఆవర్తన పట్టిక. అదంటే నాకు అపారమైన ఇష్టం. ఆ ఇష్టానికి కారణం ఒకప్పుడు అందులో ఖాళీగా వదిలిన కొన్ని గడులు. ఈరోజు వాటి గురించే ఎక్కువగా చెబుతాను.

1789లో ఫ్రెంచి శాస్త్రవేత్త లెవోయిజర్ 33 మూల పదార్థాల జాబితా ఒకటి ప్రచురించాడు. అందులో ఆక్సిజన్, గంధకం, బంగారంతో పాటు వెలుతురు, వేడి కూడా ఉన్నాయి. ఆ తరువాతి దశాబ్దాల్లో కొత్త మూలకాలు ఒకదాని వెనుక ఒకటి బయటపడుతూ వచ్చాయి. పేర్లు పెరుగుతున్నాయి కానీ వాటి మధ్య చుట్టరికం ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. జర్మనీకి చెందిన డాబరీనర్ 1829లో ఒక చిత్రమైన సంగతి చూపించాడు. లిథియం, సోడియం, పొటాషియం అనే మూడు లోహాల గుణాలు ఒకే తీరుగా ఉంటాయి. వాటి పరమాణు భారాలు సుమారుగా 7, 23, 39. మొదటిదానినీ చివరిదానినీ కలిపి సగం చేస్తే సరిగ్గా నడిమిది వస్తుంది. ఇలాంటి త్రికాలు మరికొన్ని దొరికాయి కానీ మూలకాలన్నీ ఆ లెక్కకు లొంగలేదు. పైగా ఏ మూలకం పరమాణు భారం ఎంత అన్న దానిపైనే శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం లేదు. 1860లో కార్ల్స్‌రూహే నగరంలో జరిగిన సమావేశంలో ఇటలీ శాస్త్రవేత్త కనిజారో ఆ చిక్కుముడి విప్పే దారి చూపాడు. అక్కడ కూర్చుని విన్నవారిలో ఒక రష్యన్ యువకుడు ఉన్నాడు. అతని దగ్గరకు కాసేపట్లో వస్తాను.

ఈలోగా ఇంగ్లండులో న్యూలాండ్స్ అనే ఆయన మూలకాలను భారం పెరిగే వరుసలో పేర్చి చూశాడు. ఏ మూలకం నుంచి లెక్కపెట్టినా ఎనిమిదోది మొదటిదాన్ని పోలి ఉంది. స రి గ మ ప ద ని పాడి మళ్లీ పై షడ్జమం అందుకున్నట్టు! ఆయన కూడా సంగీతంతోనే పోల్చి, 1865లో దీనికి అష్టక నియమం అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు కెమికల్ సొసైటీ సభలో దాన్ని వివరిస్తే, మూలకాలను అక్షరక్రమంలో పేర్చి చూశారా అని ఒక సభ్యుడు అడిగాడు. ఆ ప్రశ్న తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. న్యూలాండ్స్ పట్టికలో లోపం ఉన్న మాట నిజమే. కాల్షియం దాటాక స్వరం తప్పింది. ఇంకా దొరకని మూలకాలకు ఆయన చోటు ఉంచలేదు. అందుకే పొంతన లేనివి ఒకే వరుసలో ఇరుక్కున్నాయి. రాయల్ సొసైటీ 1887లో ఆయనకు డేవీ పతకం ఇచ్చింది.

ఇక ఆ రష్యన్ యువకుడు. సైబీరియాలోని తొబొల్స్క్‌లో 1834లో పుట్టిన ద్మిత్రి మెండలీవ్. సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం రాస్తున్నాడు. ఏ మూలకం తరువాత ఏది చెప్పాలి అన్నదే ఆయన సమస్య. 1869లో ఒక రోజు, చీజ్ తయారీ కేంద్రాల పరిశీలనకు సంబంధించి తనకు వచ్చిన ఉత్తరం వెనుక వైపునే అంకెలు వేసుకుంటూ కూర్చున్నాడు. పట్టిక ఆయనకు కలలో కనిపించిందని ఒక కథ ప్రచారంలో ఉంది. నాకైతే ఆ గీతలూ కొట్టివేతలూ ఉన్న కాగితమే ఎక్కువ నచ్చుతుంది.

అప్పటికి తెలిసిన మూలకాలు 63. వాటిని భారం పెరిగే క్రమంలో పేర్చుతూ, ఒకే తీరు గుణాలున్నవి ఒకే వరుసలోకి వచ్చేలా అమర్చాడు. జర్మనీలో లోథర్ మేయర్ కూడా దాదాపు ఇదే అమరికకు చేరుకున్నాడు. మెండలీవ్ మరో అడుగు ముందుకు వేశాడు. గుణాలు కుదరనిచోట బలవంతంగా ఏదో ఒకటి కూర్చకుండా గడిని ఖాళీగా వదిలి, ఇక్కడ ఉండవలసిన మూలకం ఇంకా దొరకలేదని ప్రకటించాడు. దాని భారం, సాంద్రత, ఏయే సమ్మేళనాలు ఏర్పరుస్తుందో కూడా 1871లో రాసిపెట్టాడు. ఆ అజ్ఞాత మూలకాలకు పేర్లు పెట్టడానికి సంస్కృతం నుంచి అంకెలు తీసుకున్నాడు: ఏక అల్యూమినియం, ఏక బోరాన్, ఏక సిలికాన్. మన నోట రోజూ పలికే ‘ఏక’మే అది. అల్యూమినియం కింద ఒక గడి దిగితే ఉండేది ఏక అల్యూమినియం అన్నమాట.

1875లో ఫ్రాన్సులో బ్వాబోద్రాన్ ఒక కొత్త లోహాన్ని కనిపెట్టి గాలియం అని పేరు పెట్టాడు. దాని సాంద్రత నీటికి 4.7 రెట్లు అని కొలిచాడు. ఇది తన ఏక అల్యూమినియమే అని గుర్తించిన మెండలీవ్, సాంద్రత 5.9 దాకా ఉండాలి, మళ్లీ కొలవమని కోరాడు. ఆ లోహాన్ని కంటితో కూడా చూడని మనిషి, చేత్తో పట్టుకున్న మనిషికి దిద్దుబాటు చెబుతున్నాడు! బ్వాబోద్రాన్ లోహాన్ని మరింత శుద్ధి చేసి తూచాడు. 5.9 వచ్చింది. నాలుగేళ్లకు స్కాండియం దొరికింది, అది ఏక బోరాన్. 1886లో జర్మేనియం దొరికింది, అది ఏక సిలికాన్. దాని పరమాణు భారం 72 ఉంటుందని మెండలీవ్ ముందే చెప్పాడు. అసలు విలువ 72.6.

ఆయన అన్నిటా గెలవలేదు. 1894లో ఆర్గాన్ దొరికినప్పుడు అది కొత్త మూలకమంటే మొదట నమ్మలేదు. హీలియం, నియాన్, క్రిప్టాన్ వంటి తోబుట్టువులూ బయటపడ్డాక, వాటికి పట్టికలో కొత్త నిలువు వరుస ఏర్పడింది. ఇంకో ముల్లు మిగిలింది. టెల్లూరియం అయోడిన్ కన్నా బరువైనది, కానీ గుణాలను బట్టి అయోడిన్‌కు ముందు రావాలి. టెల్లూరియం భారాన్ని తప్పుగా కొలిచారని మెండలీవ్ అనుకున్నాడు. కొలత తప్పు కాదు.

ఆ ముల్లు తీసినవాడు ఇంగ్లండు యువకుడు హెన్రీ మోస్లే. 1913లో ఒక్కో మూలకం వెలువరించే ఎక్స్ కిరణాలను కొలిచి, మూలకాల క్రమాన్ని నిర్ణయించేది బరువు కాదని, కేంద్రకంలోని ధనావేశమని చూపించాడు. అదే పరమాణు సంఖ్య. టెల్లూరియం 52, అయోడిన్ 53. ఇంకా దొరకవలసినవి ఎక్కడెక్కడ ఉన్నాయో ఇక ఊహించనక్కరలేదు, వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. రెండేళ్లకే, 27 ఏళ్ల వయసులో, మోస్లే మొదటి ప్రపంచ యుద్ధంలో, టర్కీలోని గల్లీపోలి యుద్ధరంగంలో తూటాకు బలయ్యాడు. ఆ తేదీ 1915 ఆగస్టు 10.

గుణాలు ఎందుకు తిరిగి తిరిగి వస్తాయో ఎలక్ట్రాన్ల అమరిక చెప్పింది. కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు ఉండే పొరలను కర్పరాలు అంటారు. సోడియం, పొటాషియం రెండింటికీ బయటి కర్పరంలో ఒక్కటే ఎలక్ట్రాన్. దాన్ని వదిలించుకునే తొందర రెండింటికీ ఒకటే, అందుకే నీటిలో పడగానే రెండూ భగ్గుమంటాయి. క్లోరిన్‌కు కర్పరం నిండడానికి ఒకటి తక్కువ, అందుకని లాక్కుంటుంది. నియాన్‌కు కర్పరం నిండిపోయింది, ఎవరి జోలికీ పోదు. నేటి పట్టికలో నిలువు వరుసలు 18, అడ్డ వరుసలు 7. అడ్డ వరుసల్లో మూలకాలు వరుసగా 2, 8, 8, 18, 18, 32, 32. కలిపితే 118.

మెండలీవ్ నోబెల్ బహుమతి అందుకోకుండానే 1907లో కన్నుమూశాడు. 1955లో ప్రయోగశాలలో తయారైన 101వ మూలకానికి ఆయన పేరు పెట్టి మెండెలీవియం అన్నారు. 2016లో చివరి నాలుగింటికి పేర్లు ఖరారు కావడంతో ఏడో వరుస పూర్తయింది. పట్టికలో ఇప్పుడు ఖాళీ గడి లేదు. కానీ 119వ మూలకాన్ని తయారు చేయడానికి ప్రయత్నాలు సాగుతున్నాయి. అది దొరికితే ఎనిమిదో వరుస మొదలవుతుంది, దాని చోటు ఫ్రాన్సియం కింద. ఇంకా పుట్టని ఆ మూలకాన్ని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఒక్కోసారి ఏక ఫ్రాన్సియం అని పిలుస్తారు.

నమస్కారం.