డ్రమ్ములో ట్రైకోడెర్మా: తెల్లగా పెరుగుతోంది, పచ్చబడటం లేదు (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. ఈరోజు తెగుళ్లను అణిచే ట్రైకోడెర్మా, పురుగులను చంపే బవేరియా లాంటి మేలు చేసే శిలీంధ్రాల పెంపకం మీద మీ సందేహాలకు మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త మేడం గారు సమాధానాలు ఇస్తారు. మొదటి కాల్ గుంటూరు జిల్లా నుంచి. చెప్పండి.

రైతు: హలో... వినపడతందా అమ్మా?

యాంకర్: వినపడుతోంది. టీవీ సౌండ్ తగ్గించి మాట్లాడండి.

రైతు: తగ్గించా. నమస్తే మేడం గారూ. మాది ఎకరంన్నర మిరప. నిరుడు ఎండు తెగులొచ్చి చానా చెట్లు పోయినయ్. మా బావమరిది ట్రైకోడెర్మా ఎయ్యమన్నాడు. కిలో ప్యాకెట్ తెచ్చి 200 లీటర్ల డ్రమ్ములో కలిపా. 20 కిలోల బెల్లం కరిగించి పోశా, అనకాపల్లి బెల్లమే. 2 కిలోల శనగపిండి కూడా ఏశా. పన్నెండు రోజులైంది. పైన తెల్లగా దూదిలా కట్టింది గానీ పచ్చగా మారలా. కల్లు వాసనొకటి. బలం చాల్లేదేమోనని ఇంకో ఐదు కిలోల బెల్లం...

మేడం: వేయకండి! దయచేసి వేయకండి. శనగపిండి ఎవరు వేయమన్నారు?

రైతు: జీవామృతానికి ఏస్తాం గదండీ.

మేడం: అక్కడే పొరపాటు జరిగింది. జీవామృతంలో రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పిండి, పేడ, మూత్రం వేసి రకరకాల సూక్ష్మజీవులన్నిటినీ పెంచుతాం. ట్రైకోడెర్మాకి వచ్చేసరికి ఒక్కటే పెరగాలి, రెండోది రాకూడదు. మీ డ్రమ్ములో లీటరుకు వంద గ్రాముల బెల్లం ఉంది. ల్యాబుల్లో మొలాసిస్, అంటే చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మడ్డి, లీటరుకు 30 గ్రాములు, ఈస్ట్ 5 గ్రాములు వేస్తారు. అదీ ఆ ఈస్ట్ కూడా చచ్చేలా ఉడికించి, వేరే ఏదీ చొరబడకుండా మూసి. మీది అంతకు మూడింతలకు పైమాట.

రైతు: మరి తిండి ఎక్కువైతే ఎక్కువ పెరగాలి గదా?

మేడం: పెరుగుతుంది. మీకు కావాల్సింది పెరగటమా, గింజ కట్టటమా? వరికి యూరియా దండిగా వేస్తే ఏమవుతుంది?

రైతు: ఏపుగా పెరుగుద్ది, పడిపోద్ది. తాలు ఎక్కువ.

మేడం: ఇదీ అంతే. తీపి ఉన్నంతసేపు శిలీంధ్రం పోగులు సాగదీసుకుంటూ పోతుంది, అదే మీ తెల్ల దూది. తిండి, ముఖ్యంగా నత్రజని, తగ్గుతోందని దానికి తెలిసినప్పుడు పెరుగుదల ఆపి సిద్ధబీజాలు, అంటే దాని విత్తనాల్లాంటివి, కడుతుంది. మీరు చూడాలనుకునే ఆకుపచ్చ అదే. మొదట్లో కాస్త నత్రజని ఉండాలి, లేకపోతే పోగులే రావు. తర్వాత అది అయిపోవాలి. ఆ నత్రజని మీ శనగపిండిలో ఉంది. మీరేమో ఉన్న తిండి అయిపోకముందే మళ్లీ వడ్డిద్దామంటున్నారు.

రైతు: అయితే ఐదు కిలోలు కాకుండా రెండు కిలోలు ఏద్దునా?

మేడం: అయ్యా, అసలు వేయొద్దంటున్నా. ఇంకో సంగతి. డ్రమ్ము లోతు. గాలి తగిలేది పై పొరకే. ట్రైకోడెర్మా పచ్చబడాలంటే గాలి కావాలి, వెలుతురు తగలాలి. నీళ్లలో మునిగిన పోగులు ఉండలు కట్టి అలాగే ఉండిపోతాయి. గాలి లేని అడుగున బయటి ఈస్ట్ చేరి బెల్లాన్ని సారాగా మార్చింది, ఆ కల్లు వాసన దానిదే. పైన కట్టిన తెలుపు కూడా మొత్తం ట్రైకోడెర్మానే అని చెప్పలేను, మైక్రోస్కోపు కింద చూడాల్సిందే.

రైతు: అయితే పొలానికి పోయొద్దా?

మేడం: దాన్ని నమ్ముకుని పోయొద్దు. పెంటకుప్ప మీద పోసేయండి. కిలో ప్యాకెట్లు రెండు తెచ్చుకోండి. బాగా మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా 2 కిలోలు. నీడలో కలిపి, బెల్లం నీళ్లు పల్చగా చిలకరించి, గోనె పట్టాలు తడిపి కప్పండి. మూడు నాలుగు రోజులకోసారి తిరగెయ్యండి. పది పదిహేను రోజుల్లో పచ్చగా కనబడుతుంది. ఎరువులో తిండి కొద్దికొద్దిగా అందుతుంది, గాలి ఆడుతుంది. రైతు ఇంట్లో డ్రమ్ము కన్నా ఇదే నమ్మకం. మొక్కల మొదట్లో కాపర్ మందేమైనా పోశారా?

రైతు: మొన్ననే పోశానండి, ఆక్సీక్లోరైడు.

మేడం: అయ్యో. రెండు వారాలన్నా ఆగండి. ఇది ప్రతి కార్యక్రమంలో చెప్తున్నాను: శిలీంధ్రాన్ని చంపే మందు, మనం పెంచే శిలీంధ్రాన్నీ చంపుతుంది. దానికి మన మంచి, పరాయి చెడు అని తెలియదు.

రైతు: సరేనండి. అంటే... బెల్లం అసలు...

యాంకర్: పెద్దాయనా, మేడం గారు చెప్పారు కదా. ధన్యవాదాలు. తర్వాతి కాల్, వరంగల్ నుంచి.

విద్యార్థిని: నమస్తే మేడం. అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్నాను. బవేరియాని ద్రవంలో పెంచితే ఫ్లాస్కులో బీజాలు బాగానే వస్తున్నాయి. కానీ ఆరబెడితే చచ్చిపోతున్నాయి.

మేడం: మంచి ప్రశ్న. నువ్వు చూస్తున్నవి చాలావరకు బ్లాస్టోస్పోర్లు. ద్రవంలో మూడు నాలుగు రోజుల్లోనే వస్తాయి, గోడ పల్చన. గాలిలో కట్టే కొనిడియా అనే బీజాలంత గట్టివి కావు. అందుకే ద్రవంలో మొలకెత్తించి, తర్వాత ఉడికిన బియ్యం మీద ఎక్కించి, అక్కడ వచ్చిన కొనిడియా తీస్తారు. ఒక మాట రాసుకో, సంఖ్య ఒక్కటే చూడొద్దు. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు 1990ల మొదట్లో కొల్లెటోట్రైకమ్ ట్రంకేటమ్ మీద పని చేశారు. మన జీలుగ జాతికి చెందిన ఒక కలుపును చంపే శిలీంధ్రం అది. పెంచే ద్రవంలో కర్బనం, నత్రజని నిష్పత్తి 30కి 1 ఉన్నప్పుడు బీజాలు అన్నిటికన్నా ఎక్కువ వచ్చాయి. 10కి 1, అంటే నత్రజని ఎక్కువగా, ఉన్నప్పుడు తక్కువ వచ్చాయి. కానీ ఆ తక్కువ వచ్చినవే త్వరగా మొలిచి, కలుపును బాగా చంపాయి. వాటిలో ప్రోటీన్ ఎక్కువ. పెంచేటప్పుడు ఏం పెట్టామో బీజం దాన్ని వెంట తీసుకెళ్తుంది. నత్రజని మార్చి మార్చి నువ్వే చేసి చూడు, లెక్క రాసుకుంటూ.

యాంకర్: థాంక్యూ అమ్మా. ఏలూరు నుంచి ఇంకో కాల్.

కాలర్: మేడం, మా మిరపకి ఆకు ముడత...

మేడం: అది తామర పురుగా, నల్లియా అన్నది చూడాలి. మీ దగ్గర్లోని రైతు సేవా కేంద్రంలో ఆకు చూపించండి. ఈరోజు విషయం అది కాదు.

యాంకర్: లైన్ కట్ అయింది. నెల్లూరు నుంచి, మహిళా సంఘం నుంచి చేస్తున్నారు.

మహిళ: మేడం, మేం తయారు చేసిన ట్రైకోడెర్మా పొడి ఎన్నాళ్లు ఉంటుందమ్మా?

మేడం: మీరు పొడిని ఎక్కడ పెడుతున్నారు?

మహిళ: రేకుల షెడ్డులో.

మేడం: ఎండాకాలం రేకుల కింద ఏదీ బతకదమ్మా. చల్లని నీడ గది చూడండి. పొడి తడిగా ఉంటే ముందు నీడలో ఆరబెట్టండి. ఎండలో కాదు, నీడలో. అమ్మేముందు గ్రాముకు 20 లక్షల జీవ కణాలకు తగ్గకుండా ఉన్నాయో లేదో ల్యాబులో చూపించుకోండి. ఆ లెక్క లేకుండా రైతుకు ఇవ్వకండి, ఆయన నమ్మి కొంటాడు.

మహిళ: అలాగేనమ్మా. డ్రమ్ములు మాత్రం రోజూ కడుగుతున్నాం.

మేడం: సంతోషం. వేడినీళ్లతో కడగండి.

యాంకర్: సమయం అయిపోయింది. మేడం గారికి ధన్యవాదాలు. మొదటి కాలర్ మళ్లీ లైన్లోకి వచ్చారట, ఒక్క నిమిషం.

రైతు: అమ్మా, ఆ బెల్లం నీళ్లు పల్చగా అంటే ఎంత?

మేడం: పది లీటర్లకు వంద గ్రాములు చాలు. ఎరువును చేత్తో పిసికితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు.