కుంపటి గది బయటే ఉండాలి

శ్రోతలకు నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చలి గురించి మాట్లాడబోతున్నానంటే, సముద్రం పక్కన ఉండేవారికి చలేమిటని బయటి ప్రాంతాలవారు ఆశ్చర్యపోవచ్చు. కానీ చలిని లెక్కకట్టేటప్పుడు వాతావరణ శాఖ కూడా తీరప్రాంతాన్ని వేరుగానే చూస్తుంది. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో, అంతకన్నా దిగువకో పడినప్పుడు శీతగాలుల మాట ఎత్తే ఆ శాఖ, తీరంలోని కేంద్రాలకు మాత్రం 15 డిగ్రీలను హద్దుగా పెట్టుకుని, ఆ రోజుల్లో మామూలుగా ఉండవలసిన దానికంటే నాలుగున్నర డిగ్రీలు తగ్గితే చాలునంటుంది. ఈ తేడాలో న్యాయం ఉంది. మన ఒళ్లు ఎండకు అలవాటుపడినవి, మన ఇళ్లు గాలి ఆడాలని కట్టుకున్నవి. పెంకుల సందుల్లోంచి, తలుపు కిందినుంచి, గోడకూ చూరుకూ మధ్య వదిలిన ఖాళీలోంచి వేసవిలో మనకు ప్రాణం పోసిన గాలే పుష్యమాసపు తెల్లవారుజామున ఎముకలు కొరుకుతుంది.

ఇంటిని వెచ్చబెట్టే యంత్రాలు మన పల్లెల్లో ఉండవు. శృంగవరపుకోట దాటి అనంతగిరి కొండల వైపు వెళ్లినా, మందస దగ్గర మహేంద్రగిరి పాదాన ఉన్న ఊళ్లకు వెళ్లినా, రేకుల ఇంట్లో తెల్లవారుజామున లోపలి చలికీ బయటి చలికీ పెద్ద తేడా కనిపించదు. కనుక మన చేతిలో ఉన్నది గదిని వేడి చేయడం కాదు, మన ఒంట్లో పుట్టే వేడిని ఒంటిమీద నిలుపుకోవడం. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా రేకుల ఇంటి సంగతి చెప్పుకుందాం. మబ్బులేని రాత్రి ఇంటి పైకప్పు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ ఉంటుంది. మందపాటి శ్లాబు పగటి వేడిని దాచుకుని నెమ్మదిగా వదులుతుంది కనుక అర్ధరాత్రి దాకా కొంత నయం. పలుచని రేకుకు దాచుకునే శక్తి లేదు. పొద్దుగుంకిన కొద్దిసేపటికే అది చల్లబడి, ఒక్కొక్కప్పుడు చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లగా అయిపోతుంది. అప్పుడు లోపల పడుకున్నవారి ఊపిరిలోని తేమ ఆ రేకుకు తగిలి, నీటిబొట్లుగా మారి, కప్పుకున్న దుప్పటి మీదనే రాలుతుంది. గాలితో పోలిస్తే నీరు సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని తరలించుకుపోతుంది కనుక, చెమ్మగిల్లిన దుప్పటి ఎంత మందంగా ఉన్నా వెచ్చదనం ఇవ్వదు. రేకుల కింద జానెడు ఎడం వదిలి పాత చీరలనో, కలిపి కుట్టిన గోనెసంచులనో చాందినీలాగా కట్టుకుంటే, ఆ మధ్యలో నిలిచిన గాలి ఒక పొరలాగా పనిచేస్తుంది, రాలే బొట్లు కూడా గుడ్డ మీదనే ఆగుతాయి. పొయ్యి వెలిగించే గదిలో మాత్రం ఇలా కట్టకూడదు. తడిబట్టలను రాత్రిపూట పడకగదిలో ఆరవేయడం కూడా మానుకోవాలి.

మనవారు కప్పుకునేదాని మీద పెట్టే శ్రద్ధ పరుచుకునేదాని మీద పెట్టరు. నులక మంచం వేసవికి ఎంత హాయో, శీతకాలానికి అంత ఇబ్బంది. పైన రెండు రగ్గులు కప్పుకున్నా, కింద నులక సందుల్లోంచి వచ్చే చల్లగాలి వీపును తాకుతూనే ఉంటుంది. పైగా మన బరువుకు కింది దుప్పటి అణిగిపోయి, దాని పోగుల మధ్య ఉండవలసిన గాలి కూడా మిగలదు. మా మామ్మ నూర్పులు అయ్యాక కొత్త వరిగడ్డి తెచ్చి, మూలగదిలో మూరెడు ఎత్తున పరిచి, దాని మీద గోనెపట్టా, ఆపైన పాత చీరలతో కుట్టిన బొంత వేసేది. చాలాకాలం దానిని లేమివల్ల చేసిన పనిగానే అనుకున్నాను. గడ్డిపరకల లోపలి బోలుతనంలోనూ, వాటి మధ్య సందుల్లోనూ కదలకుండా నిలిచే గాలే చలిని ఆపుతుందని, ఆమె చేసిన పక్క ఖరీదైన పరుపుకు తీసిపోదని చదువుకున్న తరువాత తెలిసింది. గడ్డి పొడిగా ఉండాలి, దీపానికీ బీడీ నిప్పుకూ దూరంగా ఉండాలి, పదిరోజులకొకసారి మార్చాలి. గడ్డి దొరకని పట్టణంలో మంచం మీద ముందుగా అట్టపెట్టెలను విప్పి పరిచి, ఆపైన పక్క వేసుకున్నా మేలు కనిపిస్తుంది.

పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదని సామెత. ఆ కొద్దిపాటి పొద్దునే వాడుకోవాలి. శీతకాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు కనుక దక్షిణపు అరుగు మీద, దక్షిణపు కిటికీలోంచి ఎండ లోపలిదాకా వస్తుంది. పొద్దెక్కి మంచు విడిపోయాక తలుపులు బార్లా తెరిచి, బొంతలూ దుప్పట్లూ ఎండలో వేసి, నాలుగు గంటలు కొట్టేసరికి, అంటే ఎండ వేడి ఇంకా గుడ్డలో ఉండగానే, లోపలికి తెచ్చుకుని గాలివైపు తలుపులు మూసుకోవాలి. చీకటిపడ్డాక తెచ్చుకుంటే మంచు చెమ్మను ఇంట్లోకి మోసుకొచ్చినట్టే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు ఇళ్ల పైకప్పులు కూడా పోయాయి, కరెంటు రోజుల తరబడి లేదు. తుఫాను గాలి చూసి భయపడిన మనం, రెండు నెలల తరువాత వచ్చే చలిని అంతగా తలచుకోము. టార్పాలిను గాలిని ఆపుతుంది గానీ తేమను లోపలే పట్టి ఉంచుతుంది. అటువంటి కప్పు కింద ఉండవలసివస్తే గాలి వీచే వైపు బాగా బిగించి, ఎదుటివైపు పైభాగాన కొంత సందు వదలాలి. అన్నిటికంటే ముందు పడక నేలకు అంటకుండా ఎత్తు చేసుకోవాలి.

పెద్దవారి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. వయసు పైబడినవారికి చలి తెలియడమే ఆలస్యమవుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది కనుక, గుండెజబ్బు ఉన్నవారు వెచ్చని పక్కమీదనుంచి లేచి నేరుగా బయటికి వెళ్లడం, చన్నీళ్ల స్నానం చేయడం మంచివి కావు. ధనుర్మాసపు నియమం ఉన్నవారు గోరువెచ్చని నీళ్లతో, కాస్త పొద్దెక్కాక స్నానం చేసినా భక్తికి లోటు రాదని నా నమ్మకం. వణుకుతున్న పెద్దమనిషి వణకడం మానేసి, మాట తడబడి, మత్తుగా ఉంటే చలి తగ్గిందని సంబరపడకండి. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే పడిపోతోందేమోనని అనుమానించాలి. తడిబట్టలు తీసి, పొడి దుప్పట్లు చుట్టి, తెలివిలో ఉంటే వెచ్చని చోడి జావ తాగించి, 108కి ఫోన్ చేయాలి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకూడదు. సారా అసలే పోయకూడదు. అది చర్మం కిందికి రక్తాన్ని తెచ్చి వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

ఇక కుంపటి సంగతి. చలిమంట ఆరుబయట వేసుకుంటే ఎవరికీ హాని లేదు. బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులన్నీ బిగించే అలవాటే నన్ను భయపెడుతుంది. పొగ పోయి ఎర్రగా మారిన బొగ్గు ఇక మంచిదేనని మన పెద్దవాళ్లు నమ్ముతారు. ఆ ఎర్రని బొగ్గే, గాలి చాలని గదిలో, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును వదులుతుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థానికి ఈ వాయువు ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, కాళ్లలో నీరసం మొదలవుతాయి. మెలకువగా ఉన్నవారు లేచి బయటపడవచ్చు, నిద్రపోయినవారికి ఆ అవకాశం కూడా ఉండదు.

మా వీధిలో ఒక ఇంట్లో ఇదే జరగబోయింది. పురిటి గదిలో సాంబ్రాణి వేసిన కుంపటి ఉంది, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. తెల్లవారుజామున బాలింత తల్లి దాహమై లేచి, నిలబడలేక, పాకుతూ వచ్చి తలుపు తీసింది. ఆ చప్పుడుకు లేచిన మేము ముగ్గురినీ అరుగు మీదికి తెచ్చాము. చల్లని గాలే ఆ రోజు వాళ్లకు మందయింది. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టాక బాలింతకు పూర్తిగా తెలివి వచ్చింది. బిడ్డ క్షేమం.

పసిబిడ్డకు వెచ్చదనం కావాలంటే తల్లి ఒంటికి మించినది లేదు. బిడ్డను నేరుగా తల్లి రొమ్ముకు ఆనించి, పైన దుప్పటి కప్పి, తలకు టోపీ పెట్టే పద్ధతిని 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో వైద్యులు మొదలుపెట్టారు. ఈనాడు మన ఆసుపత్రుల్లోనూ దానిని కంగారూ మదర్ కేర్ అనే పేరుతో చేయిస్తున్నారు. నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డలకు ఇది మరీ మేలు.

మా వీధిలోని ఆ ఇంట్లో తరువాత మరొక పురుడు జరిగింది. కుంపటి ఈసారి అరుగు మీదనే వెలిగింది. దాని మీద కాచిన నీళ్లను సీసాలో పోసి, మూత బిగించి, తువ్వాలు చుట్టి, పక్క వెచ్చబడేదాకా దుప్పటి కింద ఉంచి, తీసేశాకనే బాలింతను పడుకోబెట్టారు. కిటికీ పై రెక్క నాలుగు వేళ్ల మందాన తెరిచే ఉంది.