చిల్లు పడితే పడినట్టే

అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. జాకెట్ చేతుల మీద నెమళ్లను దించే మగ్గం వర్క్ వాళ్లు ఇంతమంది కూర్చుంటే, తిరుపతిలో నేను కుట్టు గురించి మాట్లాడటమంటే కొంచెం టెన్షన్‌గానే ఉంది. అయితే నేను కుట్టేది బట్ట మీద కాదు, ఫొటో మీద.

ఇది మనకు మరీ కొత్తేమీ కాదు. 1894లో బొంబాయిలో రవివర్మ ప్రెస్ మొదలయ్యాక దేవుళ్ల అచ్చు పటాలు ఇళ్లకు చేరాయి. వాటిలోని లక్ష్మికి, సరస్వతికి ఆడవాళ్లు గుడ్డముక్కలతో చీరలు కట్టి, జరీ, చమ్కీలు, పూసలు పెట్టేవాళ్లు. స్వామికి రోజూ అలంకారం జరిగే ఊరివాళ్లం, ఆ మురిపెం మనకు వేరే చెప్పాలా! ఈ కాలానికొస్తే, 2016లో ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో, గ్రాండ్ బస్సామ్ అనే ఊరి బీచ్‌లో ఉగ్రదాడి జరిగాక, ఆ దేశపు ఫొటోగ్రాఫర్ జోవానా షుమాలీ ఆ ఊరి వీధుల్లో ఫోన్‌తో తీసిన ఫొటోల మీద రంగు దారాలతో కుట్టింది. ఆ పనికే 2019లో ప్రీ పిక్టే అనే అంతర్జాతీయ ఫొటోగ్రఫీ బహుమతి వచ్చింది.

ఇక అసలు పని. బట్టలో సూది దిగితే పోగులు పక్కకు జరుగుతాయి, తీస్తే మళ్లీ దగ్గరికొస్తాయి. కాగితంలో చిల్లు పడితే పడినట్టే. అందుకే ముందు చిల్లులు, తర్వాతే దారం. ఫొటో కింద థర్మోకోల్ ముక్క పెట్టి, ట్రేసింగ్ పేపర్ మీద గీసిన డిజైన్ పైన పరిచి, సన్న సూదితో గుచ్చుకుంటూ పోవాలి. చిల్లుకూ చిల్లుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు వదలండి. మరీ దగ్గరైతే తపాలా బిళ్లలాగా ఆ గీత వెంబడే ఊడొస్తుంది. ఆరు పోగుల దారంలో రెండు చాలు. ముడి వెయ్యకుండా కొసను వెనక టేపుతో అతికించండి. కాడ కుట్టు, అదే స్టెమ్ స్టిచ్, చక్కగా కుదురుతుంది. చీరంతా దారంతో నింపుదామనుకుంటే మాత్రం ఫొటో జల్లెడే.

పాత ఫొటో ఒరిజినల్ మీద సూది పెట్టొద్దు. స్కాన్ చేయించి, మందపాటి మ్యాట్ పేపర్ మీద ప్రింట్ వేయించుకోండి.

మా అవ్వ పెళ్లి ఫొటో బ్లాక్ అండ్ వైట్. పెళ్లి చీర కదా అని అంచుకు ఎర్ర దారం వేశాను. మూడు రాత్రుల పని. చిత్తూరులో ఉండే చిన్నవ్వకు చూపిస్తే, కళ్లద్దాలు పైకి నెట్టి, "ఎర్రంచని ఎవురు చెప్పినారే నీకు? వంకాయ రంగు. ఒక్కరోజు కట్టుకుంటానంటే ఇయ్యలా మీ అవ్వ" అంది.

ఇంటికొచ్చి విప్పేశాను. ఎరుపు పోయింది, చిల్లులు మిగిలాయి. వాటిలోనే వంకాయ రంగు ఎక్కించాను. కొంగు దగ్గర కాస్త చిరిగింది కూడా. ఇదిగో, ఇదే ఆ ఫొటో. చేతులు మార్చుకుంటూ చూడండి, అంచులే పట్టుకోండమ్మా, బొమ్మ మీద వేలిముద్రలు పడతాయి.