దస్తావేజులో హద్దులు తప్పు పడితే? సంతకానికి ముందు ఒక్క బొమ్మ గీయండి

నమస్కారమండీ. ఒక తెల్లకాగితం, పెన్సిలు తెచ్చుకోండి. బీరువాలో మీ ఇంటి దస్తావేజు ఉంటే అదీ బయటికి తీయండి. వీడియో ఆపి తెచ్చుకున్నా పర్లేదు, నేనెక్కడికీ పోను.

విజయవాడలో పాతికేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. డ్రాఫ్టు చేతికిస్తే కొనేవాళ్లు చూసుకునేది తమ పేరు, ఆధార్ నంబరు, రేటు. చివర్లో షెడ్యూల్, అంటే స్థలం వివరాలుండే పేజీ, దగ్గరికొచ్చేసరికి "మీరు చూసే ఉంటార్లెండి" అని పేజీ తిప్పేస్తారు. అసలు కొన్న స్థలం ఉన్నది ఆ పేజీలోనే కదండీ!

కాగితం తీసుకోండి. కానూరు వైపు ఒక ప్లాటు అనుకుందాం. తూర్పున రోడ్డు. రోడ్డు వెంబడి పొడవు 60 అడుగులు, లోపలికి 36 అడుగులు. 2160 చదరపు అడుగులు, అంటే 240 గజాలు. గీశారా?

ఇప్పుడు అమ్మే ఆయన నోటితో ఏమంటాడు? "తూర్పు పడమరలు 36 అండి" అంటాడు. కరెక్టే, లోతు 36. రాసేవాడు హడావుడిలో "తూర్పు: రోడ్డు, 36 అడుగులు" అని కొడతాడు. ఇక్కడే కొంప మునిగేది. తూర్పు హద్దు అంటే తూర్పు వైపున్న గీత. ఆ గీత నడిచేది ఉత్తరం నుంచి దక్షిణానికి. దాని పొడవు 60. "తూర్పు" వేరు, "తూర్పు పడమరలు" వేరు.

ఆ తప్పు కొలతలతో పక్కనే ఇంకో బొమ్మ గీయండి. రోడ్డు వైపు 36 మాత్రమే వచ్చింది, అంటే 24 అడుగుల రోడ్డు ముఖం పోయింది. వెనకేమో 24 అడుగులు పక్కవాళ్ల స్థలంలోకి చొరబడింది. లెక్క వేస్తే అదే 240 గజాలు! విస్తీర్ణం సరిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కొత్తలో ఈ తప్పు నేనూ చేశాను, దాచడం దేనికి. ఆరేళ్ల తర్వాత కొన్నాయన ఇంటి లోనుకి వెళ్తే బ్యాంకు ఇంజినీరు టేపు పట్టుకుని బయటపెట్టాడు.

కోర్టుకెళ్తే ఏమవుతుందంటారా? హద్దులు స్పష్టంగా ఉంటే, కొలతల కంటే, విస్తీర్ణం కంటే హద్దులకే మామూలుగా విలువ ఇస్తారు. కానీ బ్యాంకువాడూ, ప్లాను ఇచ్చేవాడూ కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగరు కదా.

హద్దులకే విలువ అన్నాను కాబట్టి, హద్దులే తప్పయితే మరీ ప్రమాదం. ఎక్కువగా అన్నదమ్ముల స్థలాల్లో వస్తుందిది. నాన్నగారిది 400 గజాలు. పెద్దాయన తన వాటా, ఉత్తరం వైపు 200 గజాలు అమ్ముతున్నాడు. కంప్యూటర్లో నాన్నగారి దస్తావేజు ఫైలు ఉంది. విస్తీర్ణం 200 అని మార్చి, చెక్కుబందీ, అంటే నాలుగు హద్దుల వివరం, మాత్రం పాతదే ఉంచేశారు. హద్దులు మొత్తానివి, గజాలు సగానివి. ఆ సగం ఉత్తరమా దక్షిణమా? కాగితంలో లేదు. రేపు తమ్ముడు ఉత్తరం వైపు భాగం నాదంటే ఏం చూపిస్తారు? అమ్మిన భాగానికి దక్షిణ హద్దు "తమ్ముడికి చెందిన మిగతా స్థలం" అని మారాలి. బొమ్మ గీస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయమిది.

పొలమైతే హద్దుల్లో తుమ్మచెట్టు, బోదె, డొంక ఉంటాయి. చెట్టు కొట్టేస్తారు, డొంక తారురోడ్డు అవుతుంది, పక్క పొలం మూడు చేతులు మారుతుంది. పాత పేరు తీసేయకండి. "పూర్వం ఫలానావారిది, ప్రస్తుతం ఫలానావారిది" అని రెండూ రాయించండి, లింకు డాక్యుమెంట్లతో, అంటే ఆ భూమి పాత దస్తావేజులతో, కలుస్తుంది.

సెంట్లని గజాల్లోకి మార్చేటప్పుడూ జాగ్రత్త. సెంటంటే 48.4 గజాలు. కొందరు 48 తో గుణిస్తారు. ఐదు సెంట్లకి రెండు గజాలే తేడా, ఎకరానికొస్తే 40 గజాలు. ఈ రేట్లకి 40 గజాలంటే నవ్వులాటా?

ఇక సర్వే నంబరు. మా కృష్ణా వైపు ఆర్.ఎస్. నంబరంటాం, గుంటూరు వైపు డి. నంబరంటారు. 112 బదులు 122 పడిందనుకోండి. మీ స్థలం నంబరు మీద ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీస్తే మీ కొనుగోలే కనిపించదు. ఖర్మకాలి ఆ 122 నిషేధిత భూముల 22-ఏ జాబితాలో ఉంటే, మీరు అమ్మబోయినప్పుడు రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. రెవెన్యూవాళ్ల భూమి రికార్డు అడంగల్ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె వేలితో చూడండి. రీసర్వే అయిన ఊళ్లో కొత్తగా ఇచ్చిన ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు కూడా సరిచూడాలి.

ఇప్పటికే తప్పు పడిపోయిందా? సబ్ రిజిస్ట్రారు గారు పెన్నుతో దిద్ది ఇవ్వరండి. సవరణ దస్తావేజు రాయించి మళ్లీ రిజిస్టరు చేయించాలి. అమ్మినాయన కూడా సంతకం పెట్టాలి. ఆయన కాలం చేస్తే వారసులందరూ రావాలి. ఆ కూతుళ్లలో ఒకరు అమెరికాలో ఉంటారు, ఇంకొకరికి అన్నతో మాటల్లేవు. ఎవరైనా సంతకం పెట్టనంటే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షన్ కింద కోర్టుకెళ్లాలి. అందుకే తప్పు కనిపించిన వారమే, అమ్మినాయన ఆరోగ్యంగా, మీతో మంచిగా ఉండగానే వెళ్లి అడగండి. వెళ్లేటప్పుడు మీ స్థలానికి కూడా ఇలాగే సరైనదీ, తప్పుదీ రెండు బొమ్మలూ గీసి తీసుకెళ్లండి. "నీ తప్పా నా తప్పా" అన్న గొడవ లేకుండా ఆయనకే కళ్లకి కనిపిస్తుంది.

సవరణ రిజిస్టరయ్యాక దాన్ని అసలు దస్తావేజుతో కలిపే ఉంచండి. బ్యాంకువాళ్లు రెండూ అడుగుతారు.