ముక్కు కింద స్టీలు పళ్లెం

[క్లోజప్: ముక్కు కింద అడ్డంగా పళ్లెం]

వంటింట్లోంచి చల్లటి స్టీలు పళ్లెం ఒకటి తెచ్చుకోండి. ముక్కు కింద పెట్టి, నోరు మూసుకుని ఊపిరి వదలండి. రెండు ఆవిరి మచ్చలు పడ్డాయి కదా? చాలామందికి ఒకటి పెద్దగా, ఇంకొకటి చిన్నగా పడుతుంది. పడిశం లేకపోయినా అంతే. టెన్షన్ పడకండి, ఆ సంగతికి వస్తాను.

[లంబసింగి, పొగమంచు]

జనవరి తెల్లవారుజామున లంబసింగిలో టీ కోసం నిలబడ్డారు. బయట 5 డిగ్రీలు అనుకుందాం. ఊపిరితిత్తుల లోపలి గాలి గదులకేమో 37 డిగ్రీల వేడి, నూటికి నూరు శాతం తేమ కావాలి. పీల్చిన గాలి ముక్కులో ఉండేది సెకను కూడా కాదు. అయినా గొంతు వెనక్కి చేరేసరికి దాదాపు 30 డిగ్రీలకు వస్తుంది. మిగతా పని శ్వాసనాళానిది.

[బొమ్మ: ముక్కు లోపలి భాగం]

ఎలాగంటే, ముక్కు ఖాళీ గొట్టం కాదు. ఒక్కో వైపు గోడ నుంచి మూడేసి మడతలు పొడుచుకొచ్చి ఉంటాయి. డాక్టర్లు టర్బినేట్లు అంటారు. వాటిమీద తడి పొర, దాని కింద గుత్తులుగా రక్తనాళాలు. గాలి ఈ ఇరుకు సందుల్లో తడి గోడల్ని ఒరుసుకుంటూ పోవాల్సిందే.

దుమ్ము పని చీమిడి చూసుకుంటుంది. పేరెత్తితే ముఖం చిట్లిస్తాం గానీ, అది కదిలే జిగురు పట్టీ. కంటికి కనపడని నూగు సెకనుకు పదిసార్లకు పైగా ఊగుతూ, నిమిషానికి ఐదారు మిల్లీమీటర్ల చొప్పున దాన్ని గొంతు వైపు నెడుతుంది. మనకు తెలియకుండానే మింగేస్తాం. దీపావళి పొగలోని అతి సన్నటి నలుసులు మాత్రం చాలావరకు దీనికి చిక్కవు.

[మళ్లీ పళ్లెం]

ఇక ఆ చిన్న మచ్చ. కొన్ని గంటలు ఒకవైపు రక్తనాళాలు ఉబ్బి దారి ఇరుకవుతుంది, తర్వాత రెండోవైపు వంతు. 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరించారు. ఇడ (ఎడమ ముక్కు), పింగళ (కుడి ముక్కు) అంటూ మన యోగులు ఏ ముక్కులో ఊపిరి ఆడుతోందో ఎప్పటినుంచో గమనిస్తూనే ఉన్నారు. వంతు మారకుండా ఎప్పుడూ ఒకే వైపు మూసుకుపోతుంటే మాత్రం ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ఊపిరి వదిలేటప్పుడు ముక్కు తను ఇచ్చిన తేమలో కొంత వెనక్కి లాక్కుంటుంది. పళ్లెం తుడిచి, ఈసారి నోటితో వదలండి. మచ్చ ఎంత పెద్దదైందో చూశారా? నోరు తెరుచుకుని పడుకున్నవాళ్లకు తెల్లారేసరికి గొంతు పిడచకట్టుకుపోయేది ఇందుకే.