వాటా తగ్గితే ఓటర్లు తగ్గినట్టేనా?

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో చాలా చోట్ల పోలింగ్ రోజుకు ముందే ఓటేయొచ్చు, దాన్నే ముందస్తు ఓటింగ్ అంటారు. అక్కడ ఎన్నికలొస్తే పోలింగ్ రోజుకు రెండు మూడు వారాల ముందే ఒక రకం వార్త మొదలవుతుంది. "జార్జియా ముందస్తు ఓటింగ్‌లో నల్లజాతి వాళ్ల వాటా తగ్గింది" అని. ఆ ఒక్క ముక్క పట్టుకుని, వాళ్లకు ఈసారి ఉత్సాహం లేదని తేల్చేస్తారు. గంటల తరబడి క్యూలో నిలబడి ఓటేసి వచ్చిన మనిషికి ఆ మాట వింటే ఎలా ఉంటుంది?

అసలు ఓటరు జాతి ఎలా తెలుస్తుంది? జార్జియా, నార్త్ కరోలినా, ఫ్లోరిడా లాంటి కొన్ని దక్షిణాది రాష్ట్రాల్లో ఓటరు నమోదు ఫారంలోనే జాతి గడి ఉంటుంది. దశాబ్దాల పాటు నల్లజాతి వాళ్లను ఓటుకు దూరంగా ఉంచిన నేల అది. 1965లో ఓటు హక్కుల చట్టం వచ్చాక, వివక్ష జరుగుతోందా లేదా అని చూడటానికి ఆ లెక్కలే సాక్ష్యమయ్యాయి. ఎవరు ఓటేశారో అందులో తెలుస్తుంది. ఎవరికి వేశారో తెలియదు.

చాలా రాష్ట్రాల్లో ఆ గడి లేదు. అక్కడ ఇంటిపేరును, ఉండే పేటను బట్టి అంచనా కడతారు. వాషింగ్టన్ అనే ఇంటిపేరున్న పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది నల్లజాతి వాళ్లే కాబట్టి అక్కడ అంచనా నిలుస్తుంది. లీ అంటే మాత్రం తెల్లవాళ్లూ ఉన్నారు, నల్లవాళ్లూ ఉన్నారు, చైనా, కొరియా మూలాల వాళ్లూ ఉన్నారు. ఇంటిపేరు జాన్ అనో డేవిడ్ అనో ఉన్న మన తెలుగు క్రైస్తవులను ఆ లెక్క ఎవరిలో కలుపుతుందో ఆలోచించండి.

ఇక వాటా సంగతి. ఉదాహరణకు, కిందటిసారి లక్షమంది ముందుగా ఓటేస్తే అందులో 30 వేలమంది నల్లజాతి వాళ్లు అనుకుందాం. అంటే 30 శాతం. ఈసారి 2 లక్షలమంది వేశారు, అందులో వాళ్లు 50 వేలమంది. ఇప్పుడు 25 శాతం. వాటా తగ్గింది, నిజమే. కానీ 20 వేలమంది ఎక్కువగానే వచ్చారు కదా! వచ్చిన ఓటర్లలో ఎంతమంది అనేది వాటా. నమోదైన నల్లజాతి ఓటర్లలో ఎంతమంది వచ్చారనేది పోలింగ్ శాతం. వార్తల్లో ఈ రెండూ కలిసిపోతాయి.

పాత ఎన్నికతో పోల్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. 2020లో కరోనా భయంతో పోస్టు ద్వారా ఓట్లు వెల్లువెత్తాయి, అందులో డెమొక్రాట్లే ఎక్కువ. 2024 నాటికి రిపబ్లికన్ పార్టీ కూడా ముందుగానే ఓటేయమని తన వాళ్లకు గట్టిగా చెప్పింది. పోలింగ్ రోజున వచ్చేవాళ్లే ముందు వస్తే, వాటాలన్నీ అటూ ఇటూ అవుతాయి.

రోజును బట్టి కూడా లెక్క మారుతుంది. నల్లజాతి చర్చిల్లో ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ కలిసి బస్సుల్లో ఓటుకు వెళ్లే ఆనవాయితీ ఉంది. శుక్రవారం అంకె చూసి తీర్పు చెప్పేవాళ్లు ఈ ఆదివారాన్ని మరిచిపోతారు.

మరిచిపోనివాళ్లూ ఉన్నారు. 2013లో నార్త్ కరోలినా శాసనసభ, ఏ జాతివాళ్లు ఎప్పుడు, ఎలా ఓటేస్తున్నారో లెక్కలు తెప్పించుకుంది. తర్వాత ముందస్తు ఓటింగ్‌ను 17 రోజుల నుంచి 10 రోజులకు కుదించింది. పోయిన ఆ మొదటి వారాన్ని ఎక్కువగా వాడుకున్నది నల్లజాతి ఓటర్లే. ఒక ఆదివారం కూడా దానితో పోయింది. 2016 జూలైలో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ నిబంధనలను కొట్టేస్తూ, అవి దాదాపు శస్త్రచికిత్స చేసినంత కచ్చితంగా నల్లజాతి వాళ్లకే గురిపెట్టాయని రాసింది. ఆ తీర్పుకు ఆధారమైనవీ ఆ జాతి లెక్కలే. ఆ ఏడాది నవంబర్ ఎన్నికలకు 17 రోజుల గడువు తిరిగి వచ్చింది.